బీటా క్యాసెట్‌లో ఐలయ్య గొంతు

1987. వానలు వెనకబట్టిన రోజులు. హనుమకొండ సుబేదారిలో నాకు వీడియో దుకాణం ఉండేది. ముందు గదిలో సినిమా క్యాసెట్లు కిరాయికి ఇచ్చేవాణ్ణి, వెనక గదిలో వీసీఆర్‌లు బాగుచేసేవాణ్ణి. పెళ్లిళ్ల సీజన్ వస్తే కెమెరా భుజాన వేసుకుని పరకాల నుంచి రఘునాథపల్లి దాకా తిరిగేవాణ్ణి. ఆ పనిలో వందల క్యాసెట్లు నా చేతుల మీదుగా పోయాయి. ఈ ఒక్కటి మాత్రం ఇప్పటికీ నిన్ననే చూసినట్టుంటుంది.

అప్పట్లో వీడియో క్యాసెట్లు ప్రధానంగా రెండు రకాలు: బీటా, వీహెచ్‌ఎస్. లోపలి టేపు వెడల్పు రెండింటిలోనూ అరంగుళమే. కానీ బీటా క్యాసెట్ చిన్నది, దాన్ని ఆడించే డెక్కు వేరు. ఒకదానిది ఇంకొకదాంట్లో పట్టదు. బొమ్మ బీటాలోనే శుభ్రంగా ఉంటుందని మేం మెకానిక్కులం టీ కొట్ల దగ్గర వాదించుకునేవాళ్లం. జనానికి ఆ వాదన అక్కర్లేదు. వీహెచ్‌ఎస్ క్యాసెట్‌లో ఎక్కువసేపు రికార్డవుతుంది, సినిమా మొత్తం ఒక్కదాంట్లోనే పడుతుంది. గల్ఫ్ వెళ్లినవాళ్లు మొదట్లో బీటా మిషన్లు తెచ్చారు గానీ, కొన్నేళ్లలోనే ఊరంతా వీహెచ్‌ఎస్ అయిపోయింది. నా బీటా డెక్కు కూడా గుడ్డ కప్పుకుని మూలన కూర్చుంది.

అలాంటప్పుడు ఒక పొద్దున ఇద్దరు మనుషులు దుకాణం మెట్లెక్కారు. ముందున్నతనికి ముప్పై ఏళ్లుంటాయి, పేరు సమ్మయ్య. వెనక మెడకు తువ్వాల చుట్టుకున్న పెద్దమనిషి అతని మామ, ఐలయ్య. సమ్మయ్య సంచిలోంచి బీటా క్యాసెట్ తీసి గాజు బల్ల మీద పెట్టాడు. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లగా బూజు. ఒకచోట టేపు తెగి కూడా ఉంది.

"శీనన్నా, వరంగల్ల మూడు దుకాణాలు తిరిగినం. ఒక్కలు సుత చేతుల వట్టలే. పారెయ్యమన్నరు."

"ఎవరి పెండ్లిది?" అన్నాను.

"పెండ్లిది గాదన్నా. మా మామ చెప్పిన ఒగ్గు కథ. మస్కట్ నుంచి వచ్చినాయన కెమెరా తెస్తే తీపిచ్చుకున్నం. మొన్నటి వానలకు ఇల్లు కురిసి గిట్లయింది. మామకేమో దవాఖానల గొంతు ఆపరేషన్ చేసిండ్రు. ఇగ మాట రాదు."

ఐలయ్య నా వైపు చూసి తల ఊపాడు. డోలు దెబ్బ మీద మల్లన్న కథను రాత్రంతా పాడి, ఆడి, ఊళ్లకు ఊళ్లను కూర్చోబెట్టిన మనిషట. చుట్టుపక్కల ఆయన పేరు తెలియనివాళ్లు లేరట.

"వచ్చే నెల పరకాల దిక్కు మల్లన్న పట్నాలున్నయి. మామ లేకుంట నేనే ముందట నిలవడాలె. లగ్గం ఘట్టం కాడ నాకు నడక దొరుకుతలేదన్నా. మామ చేతులతోని చెప్తాండు గని, రాగం చేతులతోని ఎట్ల చెప్తడు? జర చూడు."

పట్నాలంటే రంగుల ముగ్గులు పరిచి మల్లన్నను కొలిచే పండుగ, అందులో ఆయన పెళ్లి కథే లగ్గం ఘట్టం. బూజు పట్టిన టేపును ఆడించడమంటే డెక్కును పణంగా పెట్టడమే. లోపల గిర్రున తిరిగే హెడ్ డ్రమ్ ఉంటుంది, బొమ్మను చదివేది అదే. బూజు దానికి అంటుకుంటే బొమ్మ పోతుంది, టేపు గీసుకుపోతుంది. వద్దని చెప్పడం తేలిక. కానీ మూడు దుకాణాలు కాదన్న పని అనేసరికి నాలో ఏదో హుషారు పుట్టింది. "పెట్టిపోండ్రి, చూద్దాం" అన్నాను.

టేపును బాగా ఆరనిచ్చాను. పాత సినిమా క్యాసెట్ ఒకటి విప్పి దాని షెల్, అంటే పై డొప్ప, తీసుకుని అందులోకి ఈ టేపును మార్చాను. ముక్కుకు గుడ్డ కట్టుకుని, మెత్తటి బట్ట మధ్యగా టేపును చేత్తో మెల్లగా చుడుతూ బూజు తుడిచాను. తెగినచోట స్ప్లైస్ వేశాను, అంటే సన్నటి ప్లాస్టరుతో అతికించాను. ఆ అతుకు హెడ్‌ల మీదుగా పోకూడదు, తగిలితే హెడ్ విరుగుతుంది. కాబట్టి అతుకు దాకా ఒక భాగం, దాటాక ఇంకో భాగం, విడివిడిగా కాపీ చేయాలి.

వాళ్లిద్దరినీ రమ్మని కబురు పెట్టాను. బీటా డెక్కు నుంచి వీహెచ్‌ఎస్ డెక్కుకు తీగలు కలిపి, పక్కన టీవీ పెట్టి, ప్లే నొక్కాను. తెర నిండా చుక్కలు. ఇంతలో ఆ చుక్కల వెనక నుంచి డోలు మోగింది. వెంటనే గొంతు! గదిలో సీసాలు అదిరేంత గొంతు!

"మామా! నీ గొంతే! ఇను మామా!" సమ్మయ్య ఎగిరి గంతేశాడు.

బొమ్మ చదివే హెడ్ వేరు, శబ్దం చదివే హెడ్ వేరు. మొదటిది బూజుతో మూసుకుపోయినా రెండోది పనిచేస్తోంది. నేను ఆపబోతే సమ్మయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆపకన్నా, నీ కాళ్లు మొక్కుత!" ఐలయ్య వేళ్లు మెడ మీది తువ్వాల మీదికి పోయాయి. పెదాలు మాత్రం ప్రతి మాటకూ కదులుతున్నాయి.

"ఆపకుంటే టేపు ఖరాబైతది. జర ఓపిక పట్టు" అని ఆపేశాను. మెత్తటి షామీ తోలుకు స్పిరిట్ అద్ది డ్రమ్‌ను అడ్డంగా తుడిచాను. నిలువుగా తుడిస్తే హెడ్ పుటుక్కున విరుగుతుంది. మళ్లీ ప్లే. బొమ్మను సరిచేసే ట్రాకింగ్ మీట తిప్పుతుంటే చుక్కలు పలచబడ్డాయి, గీతలు కిందికి జారాయి, పసుపు పూసుకున్న ఐలయ్య గజ్జెలతో గిర్రున తిరుగుతూ తెర మధ్యకు వచ్చాడు. ఆ క్షణం నేను కూడా కేకేశాను. పక్క హోటల్లో టీ తాగుతున్నవాళ్లు గ్లాసులతో సహా దుకాణంలోకి వచ్చేశారు.

లగ్గం ఘట్టం మొదలైంది. సమ్మయ్య కళ్లార్పకుండా చూస్తూ తొడ మీద దరువు వేసుకుంటున్నాడు. అంతలో ఐలయ్య లేచి అరచెయ్యి అడ్డంగా ఊపాడు. టీవీలోని తన వైపే వేలు చూపించి, తల తిప్పి, నా గాజు బల్ల మీద వేళ్లతో వేరే దరువు కొట్టాడు.

సమ్మయ్యకు ముందు అర్థం కాలేదు. మళ్లీ కొట్టాడు. అప్పుడు సమ్మయ్య ఒక్కసారిగా నవ్వాడు. "అన్నా! గీన్నే తప్పయిందంటాండు. ఆ దినం తనే దరువు తప్పిండట!"

ఐలయ్య కూడా నవ్వాడు. శబ్దం లేదు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. బల్ల మీద దరువు ఆపలేదు. సమ్మయ్య దాన్ని అందుకుని పాడాడు. ఒకచోట తడబడితే ఐలయ్య చెయ్యి ఆగింది. మళ్లీ పాడితే మళ్లీ నడిచింది. మూడోసారికి సమ్మయ్య గొంతు విచ్చుకుంది. ఐలయ్య రెండు చేతులూ పైకెత్తాడు. టీ గ్లాసుల జనం ఈలలు వేశారు.

పట్నాల నాడు కెమెరా తీసుకుని నేనే వెళ్లాను. లగ్గం ఘట్టంలో సమ్మయ్య ఎక్కడా ఆగలేదు. ముందు వరుసలో కూర్చున్న ఐలయ్యను కూడా వీహెచ్‌ఎస్ మీదికి ఎక్కించాను.

తర్వాత టేపులు పోయి డిస్కులొచ్చాయి, అవీ పోయి అంతా కంప్యూటర్‌లోకి ఎక్కింది. నేను మాత్రం పాత టేపు ఎవరు తెచ్చినా ఒకటే మాట అడుగుతూ వచ్చాను: "ఇందులో ఉన్నోళ్లెవరన్నా ఉన్నరా? ఉంటే తోలుకరాండ్రి, పక్కన కూసోని చూద్దాం." టేపు శుభ్రం చేయడం, కాపీ తీయడం నాకొచ్చు. అందులో ఏది సరైనదో నాకు తెలియదు. ఐలయ్య ఆ రోజు పక్కన లేకపోతే సమ్మయ్య ఆ తప్పు దరువునే భక్తిగా నేర్చుకునేవాడు. నేను దాన్నే ఏ మచ్చా లేకుండా కాపీ చేసి, గొప్ప పని చేశానని సంతోషపడేవాణ్ణి.