తెరతాడు చిట్టియ్య

చిట్టియ్య ముప్పై ఏళ్లలో వెయ్యికి పైగా నాటకాలు చూశాడు. ఒక్కటి కూడా ఎదురుగా కూర్చుని చూడలేదు. రాజమండ్రిలో డిసెంబరు చలి పడగానే మొదలయ్యే నాటకోత్సవాల్లో తెర తాడు అతనిది. స్టేజీ పక్క వింగులో, గోడకు ఆనుకుని, తాడు పట్టుకుని నిలబడతాడు. అక్కణ్ణుంచి రాజులూ రైతులూ తాగుబోతు మొగుళ్లూ అందరూ ఒక చెవీ, ఒక చెంపా, సగం మీసంగానే కనిపిస్తారు. ఎంత పేరున్న నటుణ్ణయినా చెవిని బట్టి గుర్తుపట్టే మనిషి ఆ ఊళ్లో అతనొక్కడే.

పుట్టింది ఉప్పాడలో, సముద్రం మీద బతికే ఇంట్లో. జాలరి బిడ్డకు పడవెక్కితే వాంతులు! పదిహేడేళ్లు వచ్చినా అలవాటు కాలేదు. ఒడ్డున నిలబడి వల తాడు లాగడం ఒక్కటే కడుపు తిప్పకుండా చేయగలిగేవాడు. "సముద్రం కూడా వీణ్ణి వద్దంటోందిరా" అని ఊరంతా నవ్వింది, చెల్లెలు బంగారమ్మతో సహా. మొహం చెల్లక రాజమండ్రి వచ్చి టెంట్ హౌసులో పనికి కుదిరాడు. ఓ చలికాలం తెర లాగే మనిషి జ్వరంతో పడిపోతే ఇతన్ని పిలిచారు. వల తాడు పట్టిన చేతికి తెర తాడు ఓ లెక్కా? ఏడుపు సీనుకి నెమ్మదిగా, నవ్వు సీనుకి టక్కున, సరిగ్గా పడాల్సిన చోట పడింది తెర. అంతే, ఆ తాడు మళ్లీ ఇంకొకరి చేతికి వెళ్లలేదు.

అతనికో నేమం ఉంది. అవతలి వింగులోంచి దర్శకుడు చెయ్యెత్తితేనే తెర వేస్తాడు. ఓసారి హీరో మాట మర్చిపోయి రెండు నిమిషాలు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. "తెరెయ్యరా బాబూ" అని హాలంతా మొత్తుకున్నా చిట్టియ్య కదలలేదు. "నాటకం వాళ్లదండి. తాడు మాత్రమే నాది" అన్నాడు తర్వాత. ఏ నాటకం బాగుందని ఎవరు అడిగినా అతని జవాబు ఒకటే: "తెర బాగా పడిందండి."

ఇలాంటి మనిషికి ఈ ఏడు పెద్ద పరీక్షే వచ్చింది. ఉప్పాడ నుంచి ఒక నాటిక పోటీకి వచ్చింది. రాసి, నేర్పించింది ఆ ఊరి బడిపంతులు లోకనాథ్. వేసేది చేపలమ్ముకునే ఆడవాళ్లు ఐదుగురు. అందులో పెద్ద పాత్ర బంగారమ్మది. యాభై ఏళ్లొచ్చినా ఆమె "చేపలో" అని కేకేస్తే ఇప్పటికీ మూడు వీధులు తలుపులు తీస్తాయి. మూడు నెలలుగా ఫోనులో రిహార్సల్ కబుర్లన్నీ అన్నకు చెప్పేది, ఒక్కటి తప్ప.

"చివరి మాటలు మాత్రం నీకు చెప్పను అన్నయ్యా. స్టేజీ మీదే విను."

పోటీకి ఒక నియమం ఉంది. నాటిక గంటలో అయిపోవాలి. ఆ లోపు తెర పడకపోతే పోటీలోంచి తీసేస్తారు. పోటీలో నిలబడితేనే పాలకొల్లు, భీమవరం లాంటి ఊళ్ల నాటక పరిషత్తులు ఆ చలికాలం ప్రదర్శనకు పిలుస్తాయి. లేకపోతే ఆ ఐదుగురూ మూడు నెలల కష్టాన్నీ ఇంటికి మోసుకెళ్లి మళ్లీ తట్టలెత్తుకోవాల్సిందే. టైము చూసేది మాణిక్యాంబగారు. లెక్కల టీచరుగా రిటైరయ్యారు కానీ లెక్క మాత్రం ఆవిడలో రిటైరవలేదు. ఐదు నిమిషాలుందనగా ఒక బెల్లు కొడతారు, అంతే. బతిమాలితే ఆవిడ వాచీ ఇంకా గట్టిగా నడుస్తుంది.

ఉత్సవాల రెండో రోజు సాయంత్రం ఆరున్నరకు తెర లేచింది. సముద్రం కోసుకుపోతున్న ఊళ్లో ఒక ఇల్లు, సీనుకో గోడ తగ్గిపోతూ ఉంటుంది. వ్యానులో దిగిన ఉప్పాడ జనం తమవాళ్లు నోరు తెరిస్తే చాలు చప్పట్లు. చప్పట్లు ఆగేదాకా స్టేజీ మీదవాళ్లు ఆగాలి. అభిమానం మంచిదే గానీ అది నిమిషాలు తింటుంది. మాణిక్యాంబగారి బెల్లు మోగేసరికి నాలుగో సీనే ఇంకా తెమల్లేదు.

చివరి సీనులో గోడలన్నీ పోయి, ఒంటరిగా ద్వారబంధం, దానికో తలుపు మిగిలాయి. బంగారమ్మ ఆ తలుపు దగ్గరగా వేసి, తాళం పెట్టి, తాళంచెవి కొంగుకు ముడేసుకుని జనం వైపు తిరిగింది. ఇక చివరి మాటలు. పంతులు రాసినవి నాలుగు నిమిషాల మాటలని బంగారమ్మ ఫోనులో అంది. వింగులో గడియారం చూస్తే నిమిషమే ఉంది.

చిట్టియ్య అవతలి వింగులోకి చూశాడు. లోకనాథ్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చెయ్యెత్తు పంతులూ, చెయ్యెత్తు! పంతులు చేతులు నెత్తి మీంచి కదల్లేదు. తెర వెయ్యకపోతే చెల్లెలు అనుకున్నది చెప్పుకుంటుంది, నాటిక పోటీలోంచి పోతుంది. వేస్తే నాటిక నిలబడుతుంది, చెల్లెలి మాట పోతుంది, తన ముప్పై ఏళ్ల నేమమూ పోతుంది. బంగారమ్మ భుజం పైకి లేచింది. ఊపిరి పీల్చుకుంటోంది. చిట్టియ్య తాడు లాగాడు. నెమ్మదిగా, చెల్లెలి మొహం మీదికి తెర వేశాడు.

తెర అంచు నేలను తాకింది. తర్వాత జనం లేచి నిలబడి కొట్టిన చప్పట్లకు తెర తాడు తిరిగే కప్పీలు అదిరాయి. పన్నెండు సెకన్లు మిగిలాయని మాణిక్యాంబగారు రాసుకున్నారు. ఉత్సవాల కార్యదర్శి పాపారాజుగారు పరుగున లోపలికొచ్చారు.

"ఏం ముగింపండీ లోకనాథ్ గారూ! ఇల్లు లేని తలుపుకి తాళమేసి, మాట్లాడకుండా నిలబడింది! ఉపన్యాసం లేకుండా నాటిక ముగించినవారిని మిమ్మల్నే చూశానండి."

లోకనాథ్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "అంటే... మౌనమే బాగుంటుందని అలా రాశానండి."

పంతులుగారు అబద్ధమాడారనలేం. తెర పడ్డాక రాశారు, అంతే. పాలకొల్లు పరిషత్తువాళ్లు అక్కడికక్కడే జనవరికి రమ్మని పిలిచారు. అందరూ నవ్వుతున్నారు. బంగారమ్మ ఒక్కతే చిట్టియ్య ముందుకొచ్చి ఆగింది.

"ముప్పై ఏళ్లుగా ఎవరికీ ముందుగా లాగలేదు. నా దగ్గరే లాగాలనిపించిందా?"

"పోటీలోంచి తీసేసేవాళ్లే..."

"తీసేస్తే తీసేసేవాళ్లు. చెప్పాల్సింది చెప్పేదాన్ని కదా" అని వెళ్లిపోయింది.

మర్నాడు ఉదయం ఖాళీ హాల్లో తాడుకు నూనె రాస్తున్నాడు. బయట వ్యానులోకి సామాను ఎక్కిస్తున్నారు. బంగారమ్మ లోపలికొచ్చింది.

"ఆ తాడొదిలేసి వెళ్లి అక్కడ కూర్చో" అంది, ముందు వరస చూపించి.

అతను వెళ్లి, ఎవరైనా లేపేస్తారేమో అన్నట్టు కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆమె స్టేజీ నడిమధ్య నిలబడి కొంగు ముడి విప్పి తాళంచెవి పైకెత్తింది. పిడికి ఎర్రదారం చుట్టి ఉంది. చిట్టియ్య లేచి నిలబడిపోయాడు. తుప్పు వేళ్లకు గుచ్చుకుంటోందని వాళ్లమ్మ చుట్టిన దారం అది. ఉప్పాడలో తమ ఇల్లు సముద్రంలోకి పోయినరోజే అదీ పోయిందనుకున్నాడు. నిన్న ఆమె తాళం వేస్తున్నప్పుడు అతనున్న చోటి నుంచి మోచెయ్యి తప్ప చేతిలోది కనపడలేదు.

"పంతులుగారు రాసింది వేరే. నేను చెప్పాలనుకుంది వేరే" అని మొదలుపెట్టింది బంగారమ్మ. "ఇది మా అమ్మ తాళంచెవండి. ఇల్లు పోయింది, ఇది మిగిలింది. మా అన్నకి సముద్రం పడదు. పడవెక్కితే వాంతులు చేసుకునేవాడు. ఊరంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ నవ్వులు పడలేక వాడు ఊరొదిలేశాడు. ఇప్పుడు సముద్రం తరిమితే, నవ్విన మేమందరం ఒక్కో ఇల్లే ఖాళీ చేసుకుని వెనక్కి పోతున్నామండి. అన్నయ్యా, నవ్వినందుకు తప్పయిపోయింది. నలుగురిలో నవ్వాను కాబట్టి నలుగురిలోనే చెబుదామనుకున్నాను. మేం ఇంకోచోట ఇల్లు కట్టుకుంటాం. ఈ తాళంచెవికి సరిపోయే తాళం చేయించుకుని మరీ కట్టుకుంటాం."

మాటలైపోయాయి. తెర వేసేవాడు లేక ఆమె అలాగే నిలబడింది. చిట్టియ్య కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

"ఎలా ఉంది?" అనడిగింది.

ముప్పై ఏళ్ల జవాబు నోటిదాకా వచ్చింది కానీ, పడిన తెర ఏదీ?

"నీది అచ్చం అమ్మ మొహమే. ఎదురుగా చూస్తేగానీ తెలీలేదు" అన్నాడు.

వ్యాను బయల్దేరుతోందని చెప్పడానికి లోకనాథ్ గుమ్మంలోకి వచ్చాడు. చిట్టియ్య అతని వైపు తిరిగాడు. ముప్పై ఏళ్లలో ఒక నాటకం గురించి అతను నోరు విప్పడం అదే మొదలు.

"పంతులుగారూ, మొదటి సీనులో ఐదు నిమిషాలు కోసెయ్యండి. పెళ్లిచూపుల గొడవంతా దండగ. పాలకొల్లులో మా చెల్లి మాటలు మొత్తం వినపడాలి."

"మరి అక్కడ తెర నువ్వే లాగుతావా?"

"ఎవరో ఒకరు లాగుతార్లెండి" అన్నాడు చిట్టియ్య. "నాకు మాత్రం ముందు వరసలో కుర్చీ వెయ్యమనండి."