పేరు గడిలో మిట్టు

కంప్యూటర్ తెర మీద పేరు రాసే గడిలో "మిట్టు" అని కనబడగానే కుర్చీలోంచి లేచాను. మిట్టు మా పాప, నాలుగేళ్లది. బడిలో దాని పేరు వేరే. ఆ పిలుపు మా ఇల్లు దాటి పోలేదు.

దయ్యాల కథలు చెబితే నవ్వేసే మనిషిని నేను. ఇప్పుడు కూడా దీన్ని దయ్యమనడం లేదు. పిల్లలు పడుకున్నాక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తాండూరులో ఇంటి నుంచే పనిచేస్తాను. ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు ఇచ్చే ఒక యాప్‌కు టెస్టింగ్ నా పని. రోగి యాప్ తెరిచిన దగ్గర్నుంచి టోకెన్ అందేదాకా చేసేవన్నీ ప్రోగ్రామే చేసి చూస్తుంది. అద్దెకు తీసుకున్న సర్వర్ల మీద ప్రతి టెస్టుకూ ఒక కంటైనర్ లేస్తుంది, అప్పుడే కట్టిన ఖాళీ గదిలా. పని కాగానే చెరిగిపోతుంది. మేమిచ్చిన ఉత్తుత్తి పేర్లు తప్ప దానికేమీ తెలియదు. టెస్టు మధ్యలో ఆగితే, ఆ తెర ఫొటో మాత్రం మాకు మిగులుతుంది.

ఆ మధ్యాహ్నం ఒకటి అలా ఆగింది. ఫొటోలో పాప పేరు, తెలుగులో. మా ఉత్తుత్తి పేర్లన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి.

"మిట్టూ" అని పిలిచాను. పలకలేదు. వాకిట్లోకి పరుగెత్తాను.

వాకిట్లో నేలలోకి కట్టిన మా నీళ్ల సంపుకు మూత తాండూరు బండే. నల్లా నీళ్లు వచ్చినప్పుడు జరుపుతాం, నిండాక మూస్తాం. బండ జరిపే ఉంది. మిట్టు అంచున బోర్లా పడుకుని చెంబుతో నీళ్లు అందుకోబోతోంది. నడుము పట్టి లాగేశాను.

మా అత్తమ్మ ఫోను చేత్తోనే బయటికొచ్చి, బండను సంపు మీదికి జరిపింది. "ఫోనొచ్చిందని లోపటికి పోయిన బిడ్డా. వచ్చి మూద్దమనుకున్న."

సాయంత్రం వికారాబాద్ నుంచి సుమ ఫోన్ చేసింది. ఆ సర్వర్లు చూసుకునేది తనే. "అక్కా, మిట్టు అంటే ఎవరు? గా పేరు మన డేటాల యాడ లేదు. మస్తు దేవులాడిన." మళ్లీ నడిపితే టెస్టు పాసైందట. నేనే పొరపాటున టైపు చేశానేమోనని నా మార్పులన్నీ వెతికాను. లేదు. ఇప్పటికీ అంతు చిక్కలేదు.

"దయ్యాల్లేవంటివి గద" అంది అత్తమ్మ, అంతా విన్నాక.

"ఇప్పుడూ లేవనే అంట."

"ఉంటే ఉండనీ తియ్యి. మంచిదే ఉన్నట్టుంది" అని పిల్లకు అన్నం కలిపింది.

మర్నాడు పొద్దున మిట్టుకు జడ వేస్తూ, పక్కనే షూస్ వేసుకుంటున్న పెద్దోడికి కూడా వినబడేలా, "సంపు దిక్కు పోవద్దు. నీళ్లు కావాల్నంటే నన్ను పిలువుండ్రి" అన్నాను.

"నిన్న నేను పిల్వలే గదమ్మా" అంది మిట్టు. "నువ్వే ఉరికొచ్చినవ్."

"వచ్చిన బిడ్డా. ఎట్లొచ్చిన్నో నాకే తెల్వదు. ఇంకోసారి మాత్రం పిలువు."