గుప్పెడు ఊక

మా ఇంటి ముందు ఆరు కోనోకార్పస్ చెట్లు నేనే నాటాను. నాలుగేళ్ళలో మేడంత ఎదిగాయి. అవి పూతకొస్తే చాలు, మా ఆవిడ సుబ్బులుకు ఆయాసం. పొడిగాలి వీచే రోజు పుప్పొడి బాగా లేస్తుందని, వాన పడితే అణుగుతుందని నరసరావుపేట డాక్టరు చెప్పి, చెట్లు కొట్టించమన్నాడు. నా చెట్లను అనడానికి ఆయనెవరని లేచి వచ్చేశాను.

కానీ అప్పటినుంచి రోజూ పొద్దున్నే అరుగు మీద నిలబడి గుప్పెడు ఊక వదులుతున్నాను. కళ్ళంలో తూర్పారబట్టే ముందు గాలి చూసుకునే పద్ధతే. ఊక ఇంటివైపు ఎగిరితే ఆ రోజు కిటికీ కూడా తీయనివ్వను.

ఈ రోజు తెల్లవారుజామున వాన పడింది. ఊక తిన్నగా నా కాళ్ళ మీదే రాలింది. సుబ్బులును పిలిచి అరుగు మీద కూర్చోబెట్టాను. పది రోజుల తర్వాత బయటికి రావడం.

"ఏమయ్యా, రోజూ ఈ ఊక ఎగరేసే బదులు ఆ చెట్లు కొట్టించరాదా?" అంది.

"నేను నాటిన చెట్లే అయ్యి. నేనెందుకు కొట్టిస్తా?"

"నన్ను కట్టుకుంది కూడా నువ్వే గదయ్యా!" అని పకపకా నవ్వింది.

మధ్యలో దగ్గు రాలేదు. ఆమె నవ్వు చివరిదాకా విని చానా నెలలైంది.

తడి ఆరితే మళ్ళీ పుప్పొడి లేస్తుందని, ఎండ ముదరకముందే మనుషుల్ని పిలిచి ఆరూ కొట్టించేశాను. డాక్టరు మాట విన్నానని ఎవరూ అనుకోవద్దు. ఆ చోట ఏం నాటితే బాగుంటుందో తెలిసినవాళ్ళు చెప్పండి. ఈసారి సుబ్బులును అడిగే నాటుతాను.