తేటపడని నీళ్లలో అత్తయ్య కాళ్లు

మా మావయ్య పాడుపడిన స్విమ్మింగ్ పూళ్లు బాగుచేస్తాడు. పచ్చగా చిక్కబడి, కప్పలు కాపురం పెట్టిన నీళ్లని మళ్లీ అద్దంలా చెయ్యడం ఆయన పని. ఆయనతో పనంటే నాకు చిరాకు. సగం పని ఊరికే కూర్చోవడమే. ఆకులు దేవి, గోడలు రుద్ది, క్లోరిన్ కొట్టి, ఆఖర్న పటిక వేస్తాం. పటిక వేశాక మోటారు ఆపేసి, మురికంతా అడుగున పేరుకునేదాకా నీళ్ల జోలికి పోకూడదు. నేను అడుగు ఊడ్చే గొట్టం ముట్టుకుంటే చాలు, "నీళ్లని నిద్రపోనివ్వరా!" అని కసిరేవాడు.

ఇన్నేళ్లలో ఆయన బాగుచేసిన పూల్ ఒక్కటీ అత్తయ్య చూడలేదు. డబ్బున్నవాళ్ల ఇళ్లు. గేటు దగ్గర మాకే సవాలక్ష ప్రశ్నలు. ఆవిడకి తెలిసిందల్లా ఆయన చొక్కాల మీద క్లోరిన్ మరకలే. జబ్బు ముదిరి, ఇక ఇంటికి తీసుకెళ్లమని డాక్టరు చెప్పాక, ఏం కావాలని మావయ్య అడిగాడు.

"మీరు బాగుచేసిన నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలి. నా కాళ్లు నాకు కనిపించాలి."

"అంతేనా?"

"ఇంకోటుంది. పక్కన కూర్చుని పంపు గురించి మాట్లాడకూడదు."

అప్పుడు మేం బాగుచేస్తున్న పూల్ ఉన్న ఇంటావిడ మంచి మనిషి. "తీసుకురండి, అడగాలా?" అంది. ఇక మావయ్య కాలు నిలవలేదు. అత్తయ్య గొంతు రోజురోజుకీ సన్నబడుతోంది. పటిక వేసిన మర్నాడు పొద్దున్నే, మడ్డి ఇంకా దిగకముందే, అడుగు ఊడ్చే గొట్టం దించేశాడు.

"ఆగు మావయ్యా!" అన్నాను. ఆ మాట నా నోట రావడం అదే మొదలు.

వినలేదు. గొట్టం కదిలిన చోటల్లా మడ్డి పొగలా లేచింది. కాసేపటికి పూల్ అంతా తెల్లగా, కుడితిలా తయారైంది. మావయ్య గొట్టం వదిలేసి గట్టు మీద కూలబడ్డాడు.

అయినా సాయంత్రం అత్తయ్యని తీసుకొచ్చాం. ఆగే ఓపిక ఆవిడలో లేదు. నేనే ఎత్తుకుని మెట్టు మీద కూర్చోబెట్టాను. బరువే లేదు మనిషి. మోకాళ్ల కింద ఆవిడ కాళ్లు మాయమైపోయాయి.

"ఏరా, కాలేజీ మానేసి నేర్చుకున్న పనితనం ఇదేనా?" అని నన్ను ఎకసెక్కమాడింది.

"వాడు కాదే, నేనే చెడగొట్టా," అన్నాడు మావయ్య. "రెండ్రోజులు ఆగు. తేటపడతాయి."

"అలాగేలెండి."

మావయ్య వంగి, ఆ తెల్లటి నీళ్లలో చేత్తో వెతికి ఆవిడ పాదాలు పట్టుకున్నాడు. పంపు గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

మర్నాడు తెల్లవారేసరికి అత్తయ్య లేదు.

మేం మళ్లీ పనికి వెళ్లేసరికి, ఎవరూ ముట్టని ఆ నీళ్లలో మడ్డంతా దానంతటదే అడుగుకి చేరింది. మావయ్య నెమ్మదిగా ఊడ్చాడు. అడుగున నీళ్లు పోయే జాలీ మరలతో సహా కనిపించింది. ఇంటావిడ మురిసిపోయి లోపలికెళ్లింది. మావయ్య ప్యాంటు మడిచి, అదే మెట్టు మీద, పక్కన చోటు వదిలి కూర్చున్నాడు. నీళ్లలో ఆయన పాదాలు గోళ్లతో సహా కనిపిస్తున్నాయి. వాటినే చూస్తూ ఉండిపోయాడు.

"వెళ్దామా మావయ్యా?" అన్నాను.

"ఇప్పుడు తొందరేముందిరా," అన్నాడు.