ఎసరు రుచి చూసిన నాలుక

నాకు గడ్డం ఒక పక్కే మొలుస్తుంది. కుడి చెంప మీద రెండు రోజులకే ముళ్లపొద లేస్తే, ఎడమ చెంప మాత్రం చంటిపిల్లాడి బుగ్గలా నున్నగా ఉంటుంది. దేవుడు నాకు స్వయంగా క్షవరం చేద్దామని కూర్చుని, ఒక పక్క గీకేసి, చాయ్ తాగొస్తానని పోయి మళ్లీ రాలేదని అందరికీ చెబుతుంటాను. ఈ పొద్దున లాలాగూడలో కొత్తగా తెరిచిన మంగలి దుకాణంలో ఈ మాటే అంటే, కత్తి పట్టుకున్నతను పగలబడి నవ్వి, అసలేమైందో నిజం చెప్పన్నా అన్నాడు. నాలుకకు క్యాన్సర్ వస్తే కరెంటు పెట్టారయ్యా అని నిజమే చెప్పాను. అంతే, నవ్వు ఆగిపోయింది. అప్పటిదాకా నా తలను కొబ్బరికాయలా అటూ ఇటూ తిప్పిన చేతులు ఒక్కసారిగా మెత్తబడ్డాయి. కుడి పక్క సగం గడ్డం అట్లాగే మిగిల్చి, ఇంక చాలు పెద్దాయనా అని తువ్వాలు తీసేశాడు. అన్నను కాస్తా ఒక్క నిమిషంలో పెద్దాయనను అయిపోయాను. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే నవ్వు రాలేదు, పాత మంట ఒకటి లేచింది. నా వయసువాళ్లు ఎవరైనా చదివితే అర్థమవుతుందని రాస్తున్నాను.

చదువు నాకు ఐదో తరగతిలోనే అజీర్ణం చేసింది. పంతులు బెత్తం కంటే మా మేనమామ గరిటె నయమనిపించి, ఆయన వెంట పడ్డాను. ఆయన వంట మేస్త్రి. పెళ్లయినా, పుట్టువెంట్రుకలైనా, దినమైనా, బగారన్నం, మాంసం కూర అంటే మల్కాజ్‌గిరి నుంచి కూడా మనిషిని పంపి ఆయన్నే పిలిపించుకునేవాళ్లు. అప్పట్లో ఇన్ని ఫంక్షన్ హాళ్లు ఎక్కడివి; గల్లీకి అడ్డంగా షామియానా వేసి, రాళ్ల పొయ్యిల మీద డేగిసాలు ఎక్కించి, కట్టెల పొగలో కళ్లు తుడుచుకుంటూ వండేవాళ్లం. ఉల్లిగడ్డలు కోయడంతో మొదలుపెట్టిన నాకు, ఆయన పోయాక గరిటె చేతికొచ్చింది. గరిటెతో పాటు నోరూ వచ్చింది. మగపెళ్లివారిలో మీసం దువ్వే పెద్దమనిషి ఎవరైనా పొయ్యి దగ్గరికొచ్చి పెత్తనం చేస్తే, ఆయన గొంతుతోనే ఆయనకు జవాబిచ్చి, పెళ్లికూతురి చేత కూడా నవ్వించేవాణ్ణి. వాళ్లూ ఊరుకునేవారా? ఏ రుచి రవ్వంత అటూ ఇటూ అయినా విస్తరి పట్టుకుని పొయ్యి దగ్గరికే యుద్ధానికి వచ్చేవాళ్లు. అందరికంటే ముందు వచ్చేవాడు నా బామ్మర్ది, మా ఆవిడ తమ్ముడు. "ఏం బావా, మా అక్కతోని లొల్లి పెట్టుకొని వచ్చి వండినవా? కారం మస్తు కొడుతుంది" అని నలుగురిలో నా పరువు తీసి, అదే విస్తరిలో మారు వడ్డించుకుని పోయేవాడు.

మా పనిలో మేనమామ నాటి నుంచి ఒక కట్టడి ఉండేది. బియ్యం వేసే ముందు ఎసరు తెర్లుతుంటే, మేస్త్రి గరిటెతో తీసి నాలుగు చుక్కలు అరచేతిలో పోసుకుని నాలుకకు తగిలిస్తాడు. ఎసరులో ఉప్పు కొంచెం ముందుకు ఉండాలి, ఆ ఎక్కువను బియ్యం తాగేస్తుంది. ఎంత ముందుకు అన్నది చెబితే వచ్చేది కాదు, నాలుకకు తెలియాలి. ఆ చుక్కలు చూసేది మేస్త్రి ఒక్కడే. ఆయన ఉండగా ఎంత పాత పనివాడైనా రుచి చూడకూడదు. చూస్తే మేస్త్రిని చులకన చేసినట్టే. చివరి రోజుల్లో మా మేనమామకు చూపు ఆనకపోయినా, గరిటె నేను పట్టుకుని నిలబడ్డానే గానీ నా నాలుక బయటపెట్టలేదు.

అట్లాంటి నాలుకకే పుండు లేచింది. ఎడమ పక్క, దవడ పన్ను రాసుకునే చోట. జర్దా పాన్ సరిగ్గా అక్కడే నొక్కిపెట్టి పొద్దంతా పొయ్యి ముందు నిలబడటం నాకు అలవాటు. నిప్పు దగ్గర బతికేవాడికి నోరు పూయడం ఏం వింత, వేడి చేసిందన్నాను. ఇంట్లో వాళ్లూ అదే అన్నారు, పొయ్యి దగ్గరి వాళ్లూ అదే అన్నారు. మజ్జిగ తాగాను, సబ్జా గింజలు తాగాను, పుండు మీద నెయ్యి రాశాను, గల్లీ డాక్టరు ఇచ్చిన గోళీలు మింగాను, వీటన్నిటి మీదా మళ్లీ పాన్ వేశాను. చలికాలం పోయి ఎండాకాలం వచ్చినా పుండు పోలేదు. పోటు చెవిలోకి లాగడం మొదలయ్యాక మా ఆవిడ ఇంక నా మాట వినకుండా పెద్ద దవాఖానకు లాక్కుపోయింది. అక్కడొక డాక్టరమ్మ, మా కూతురి వయసుది, పుండు దగ్గర చిన్న ముక్క కోసి పరీక్షకు పంపింది. ముక్కలు కోసేది నా పని గదమ్మా అన్నాను. నవ్వలేదు. ఆ నవ్వని మొహంలోనే నాకు సంగతి తెలిసిపోయింది, రిపోర్టు తర్వాత వచ్చింది.

నాలుకలో ఎడమ భాగం తీసేశారు. మెడలో గడ్డలు కూడా తీసి, చెవి కింది నుంచి గొంతు దాకా కుట్టారు. తర్వాత కరెంటు పెట్టారు. రేడియేషన్ అనే మాట నోరు తిరగక, ఆ వరండాలో కూర్చునే మేమంతా అట్లాగే అనుకునేవాళ్లం. మెత్తబరిచిన ప్లాస్టిక్ జాలీని మొహం మీద పరిచి అచ్చు తీసి, అది గట్టిపడ్డాక రోజూ దానితోనే తలను బల్లకు బిగించేవాళ్లు. పుట్టిన తర్వాత నేను నోరు మూసుకుని ఉన్నది ఆ బల్ల మీదే. కొన్ని వారాలకు నోరు లోపలంతా తోలు ఒలిచినట్టయింది, ఉమ్మి ఎండిపోయింది, ముక్కులోంచి గొట్టం వేశారు. ఊరికంతా బగారన్నం పెట్టిన మనిషికి ముక్కులోంచి రాగిజావ! ఒక రోజు మా ఆవిడ జావ పోస్తుంటే, ఉప్పు సరిగ్గా కుదిరిందని వేళ్లు కలిపి సైగ చేశాను. నవ్వుతుందనుకున్నాను. గ్లాసు పక్కన పెట్టి, కిటికీ వైపు తిరిగింది.

చూడవచ్చిన వాళ్ల సంగతి చెప్పుకుంటే ఈ రోగమే నయం. గొంతులో గుటక దిగని వాడి ముందు బత్తాయిలు పెట్టేవాళ్లు, అవి పాడవుతాయని వాళ్లే ఒలుచుకు తినేవాళ్లు. నా ఎదురుగా కూర్చుని నా గురించి మా ఆవిడను అడిగేవాళ్లు, తింటున్నడా, పంటున్నడా అని. నాలుకతో పాటు చెవులు కూడా కోసేశారనుకున్నారేమో. నాతో మాట్లాడితే గొంతు తగ్గించేవాళ్లు, నేనేమన్నా అంటే సరే సరే అనేవాళ్లు. ఎట్లున్న మనిషి ఎట్లయిండు అని గడప దాటకముందే అనుకునేవాళ్లు. నా బామ్మర్ది అయితే మరీ అన్యాయం. చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడేవాడు, కాసేపటికి పోయొస్త బావా అని తలదించుకుని పోయేవాడు. మాట్లాడలేని వాణ్ణి ఏమైనా అనొచ్చు గదా, తిరిగి అనలేను గదా, ఇంత మంచి అవకాశం మళ్లీ రాదు గదా! అందరికంటే వాడి మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

గొట్టం తీశారు, కుట్లు మానాయి, జబ్బు కనిపించడం లేదు గానీ చూపించుకుంటూ ఉండాలన్నారు. మాట ముద్దగా వచ్చినా వచ్చింది. నోటికి తీపి ముందు తెలిసింది, తర్వాత చేదు తెలిసింది. ఉప్పు మాత్రం నన్ను గుర్తుపట్టలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ సమయంలోనే నా బామ్మర్ది యాప్రాల్‌లో ఇల్లు కట్టుకున్నాడు, వ్రతం అయిన మర్నాడు దావత్ పెట్టుకున్నాడు. వంట నేనే చేస్తానన్నాను. మా ఆవిడ వద్దంది. ఇప్పుడు పొయ్యి ముందు నిలబడకపోతే ఇంక జన్మలో నిలబడలేనని నాకు లోపల తెలుస్తూనే ఉంది, అందుకే మొండికేశాను.

పొయ్యి ముట్టించాక అంతా బాగానే ఉంది. చేతులు వాటంతట అవే పని చేసుకుపోయాయి. ఎసరు తెర్లింది. గరిటెతో తీసి, అరచేతిలో చుక్కలు పోసుకుని, మిగిలిన నాలుకకు తగిలించాను. వేడి తెలిసింది. వేడి తప్ప ఏమీ తెలియలేదు. పక్కన మా చిన్నాన్న కొడుకు నిలబడి ఉన్నాడు, ఏళ్లుగా నా కింద పని చేసినవాడు. గరిటె అతని వైపు చాపాను.

"తమ్మీ, జెర నువ్వు చూడరా."

"నువ్వుండంగ నేనెట్ల చూస్త అన్నా? నీ అంచనా తప్పుతదా ఏంది!" అని చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

నేను నేర్పిన మర్యాదే. ఇంకేం చేయను, చేతి లెక్కతో ఇంకో రెండు దోసిళ్ల ఉప్పు వేశాను. నా చేతికి తెలిసింది దొడ్డుప్పు. బామ్మర్ది తెచ్చింది ప్యాకెట్ల మెత్తుప్పు. ఒకటే దోసిలిలో దొడ్డుప్పు కంటే మెత్తుప్పు ఎంతో ఎక్కువ పడుతుంది. వెనకట అయితే చేతి తప్పును నాలుక పట్టేసేది.

భోజనాల బంతులు లేచాయి. ఎవరూ విస్తరి పట్టుకుని రాలేదు. మా ఆవిడ పెద్దమ్మ ఒకావిడ, కూరలో ఇంత ఉల్లికాడ కనిపించినా ఇల్లు పీకి పందిరి వేసే మనిషి, నా తల నిమిరి, "చెయ్యంటే నీదే కొడుకా, పాణం బాగలేకున్నా ఎప్పటి లెక్కనే చేసినవ్" అంది. అంటూనే గ్లాసు మీద గ్లాసు నీళ్లు తాగింది. మస్తుందన్నా అన్నవాళ్లందరూ నీళ్ల డ్రమ్ము దగ్గరే ఉన్నారు. పెరుగు చట్నీ గిన్నె అడుగంటింది. ఎంగిలి విస్తళ్లు పడేసే చోటికి పోయి చూశాను. అన్నం అన్నంగానే ఉంది.

"ఉప్పెట్లుంది?" అని మా ఆవిడను అడిగాను.

"జెర ముందుకున్నది" అంది, నా వైపు చూడకుండా.

"జెరనా?"

నీళ్ల జగ్గు తీసుకుని అటు పోయింది. ఆమె కూడా వాళ్లలో కలిసిపోయిందని అప్పుడు నాకు తెలిసింది.

చచ్చినవాడి గురించి ఎవరూ చెడ్డగా మాట్లాడరు గదా. ఆ రోజు యాప్రాల్‌లో బతికుండగానే ఆ మర్యాద నాకు జరిగింది. దవాఖానలో నాలుక కోసినప్పుడు మత్తుమందిచ్చి కోశారు, ఇక్కడ ఆ మందు లేదు. ఉప్పు ఎక్కువైందని ఒక్కడు అరిచి ఉంటే, నేను తిరిగి అరిచి, ఇన్ని నీళ్లు తెర్లబెట్టి ఇంకిన్ని బియ్యం పోసి ఏదో ఒకటి సరిచేసేవాణ్ణి. మనిషిగా పొయ్యి ముందు నిలబడేవాణ్ణి.

ఆ తర్వాత నేను పెద్ద వంటలు ఒప్పుకోలేదు. ఇప్పుడు ఎవరూ అడగడం కూడా లేదనుకోండి. హాలు మాట్లాడుకుంటే భోజనం దానితోనే వస్తుంది. ఎవరు వండారో తిన్నవాడికి తెలియదు, ఎవరు తిన్నారో వండినవాడికి తెలియదు. నచ్చకపోతే ప్లేటు బల్ల కింద పెట్టి పోతారు. వంటవాడితో తగువు పెట్టుకోవాలంటే అతను మనవాడై ఉండాలి. విస్తరి పట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చిన ఆ మీసాల మామలు, నోరున్న అత్తలు నన్ను తిట్టిన తిట్లు ఇప్పుడు తలుచుకుంటే, అంత ప్రేమగా నాతో మళ్లీ ఎవరూ మాట్లాడలేదనిపిస్తుంది.

ఆ దావత్ రోజు సాయంత్రం మాత్రం ఊరుకోలేకపోయాను. మా వాళ్లంతా వాకిట్లో కుర్చీలేసుకుని కూర్చుని, వంట ఎంత బాగుందో ఇంకా చెబుతూనే ఉన్నారు. డేగిసా మీది మూత తీసి కింద విసిరికొట్టాను. "నాది సగం నాలుకనే పాయె, మీ అందరివి మొత్తం పోయినయా ఏందిరా?" అని నా ముద్ద గొంతుతోనే అరిచాను. అందరూ తలలు దించుకున్నారు. మా ఆవిడ లేచి లోపలికి పోబోయింది. నా బామ్మర్ది ఒక్కడే తల ఎత్తి, జబ్బు వచ్చాక మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూశాడు.

"ఉంటే గద బావా! ఉన్నయన్ని నీ ఉప్పుకు కాలిపాయె. పోయి ఇంకో జగ్గు నీళ్లు తేపో, తాగినంక తిడుత."