దిండు కింద మంత్రి

టైలరు తాత చదరంగంలో మోసం చేస్తాడు. గుండె ఆపరేషన్ల వార్డులో ఈ సంగతి తెలియనివారు లేరు. ఒంట్లో చక్కెర దిగిరాక తన ఆపరేషను మాటిమాటికీ వాయిదా పడుతుంటే, ఆ పెద్దమనిషి మంచం మీద చదరంగం పరుచుకుని, మర్నాడు కోతకు వెళ్లవలసినవారిని వెతికి మరీ ఆటకు కూర్చోబెట్టేవాడు.

"అదుగో, సిస్టరు సూది పట్టుకొస్తోంది!" అనేవాడు. అవతలివాడు బిక్కచచ్చి తల తిప్పేవాడు. ఆ రెప్పపాటులో తాత చెయ్యి పావుల మీద గద్దలా వాలి లేచేది. తీరా చూస్తే సిస్టరూ లేదు, సూదీ లేదు.

పక్క మంచం లెక్కల మాస్టారు రుజువు లేనిదే దేన్నీ ఒప్పుకునే మనిషి కారు. విచారిస్తే వింత తేలింది: తాత ఇంతవరకు ఒక్క ఆటా గెలవలేదు! కాపీ కొట్టి సున్నా తెచ్చుకున్న శిష్యులను మాస్టారు చూశారు గాని, ఆ విద్యను ఇంత నిష్ఠగా సాగించినవాణ్ణి చూడలేదు.

తన వంతు వచ్చేసరికి మాస్టారికి ఆ వింత కూడా రుచించలేదు. రేపే ఆపరేషను. పొద్దుటినుంచి గోడ గడియారమే చూస్తున్నారు.

"భయమా అండీ?" అంది భార్య.

"భయమా? నాకా? నొప్పి తగ్గిపోయింది, అంతే. బట్టలు సర్దు, ఇంటికి పోదాం."

ఇప్పుడు వెళ్తే మళ్లీ వచ్చే వ్యవధి గుండె ఇవ్వకపోవచ్చని డాక్టరు హెచ్చరించే ఉన్నాడు. ఆవిడ సంచి సర్ది, కళ్లు తుడుచుకుంటూ డాక్టరుగారిని పిలుచుకురావడానికి వెళ్లింది.

"పోయేవారు ఎలాగూ పోతారు. ఒక్క ఆట ఆడి పోండి మాస్టారూ," అన్నాడు తాత.

"మోసం చేస్తే ఊరుకోను."

"నేనా! ఎంత మాట!"

ఆట సగంలో పడింది. "అదుగో, సిస్టరు!" ఈసారి మాస్టారు తల తిప్పలేదు. బోర్డు మీద రాస్తూనే వెనక బెంచీని పట్టుకున్న కళ్లవి. గభాలున తాత మణికట్టు పట్టుకుని దిండు ఎత్తారు. కింద రెండు ఏనుగులు, ఒక గుర్రం, గుప్పిట్లో మంత్రి. అన్నీ నల్లవే.

"ఇవన్నీ మీవేగా!"

"నావి నేను తీసుకుంటే దొంగతనమా? మీ బంటునొక్కదాన్ని ముట్టుకుంటే అడగండి."

"మరి ఓడిపోరూ?"

"పోతాను. రేపు గుండె కోయించుకునేవాడు ఇవాళ ఓ గెలుపు పట్టుకెళ్తే నా సొమ్మేం పోయింది?"

మాస్టారు ముఖం కందగడ్డ చేసుకున్నారు.

"నా సర్వీసులో ఎవరికీ ఊరికే మార్కు వెయ్యలేదు. నాకు మీరు వేస్తారా? పెట్టండి మంత్రిని!"

తాత పెట్టాడు. నాలుగెత్తులు తిరక్కముందే మాస్టారి ఆట కట్టింది. ఎన్నడూ చెయ్యని నేరం చేసినట్టు తాత నాలుక కరుచుకున్నాడు.

"గాలివాటం గెలుపు! మళ్లీ పరవండి!"

"ఇంకెక్కడ మాస్టారూ, మీరు ఇంటికి పోతున్నారుగా."

అంతలో భార్య తిరిగివచ్చింది. "డాక్టరుగారు వస్తున్నారు. వెళ్తామని చెప్పేయనా?"

"ఎక్కడికి? ఈయన చేతిలో ఓడిపోయి ఇంటికా? ముందు ఆ కోతేదో కానీ. లేచి కూర్చోగానే ఈ పెద్దమనిషి సంగతి తేలుస్తాను!"

ఆవిడ సంచిలోని బట్టలు మళ్లీ అలమారులో పెట్టేసింది. తాతవైపు తిరిగి గొంతు తగ్గించింది.

"అన్నయ్యగారూ, ఈయన పంతం మీకు తెలీదు. గెలిస్తేగాని ఇల్లు చేరరు!"

తాత దిండు తట్టి సర్దుకున్నాడు.

"దానికేం చెల్లాయ్, ఇంటికి పంపే రోజున నా మంత్రికి నిద్రొస్తుందిలే."