మా చిలకల కుండ చేసిన చెయ్యి

తొంభైలలో మా బందరులో పాతబడిన వస్తువు ఏది కనిపించినా డచ్చివాళ్ళదే. గోడలోంచి తుప్పు మేకు ఊడిపడినా "డచ్చి కాలంనాటిదండీ" అనేవారు. (మా వీధిలో ఒకాయన తన గొడుగు కూడా డచ్చిదేనని నమ్మేవాడు.) అలాంటి ఊళ్ళో నేను ఎమ్మే హిస్టరీ పాసై, గుడివాడలో ఓ ప్రైవేటు కాలేజీలో కొత్తగా పాఠాలు చెబుతూ, చరిత్ర మొత్తం నా చేతిసంచిలోనే ఉందన్నట్టు తిరిగేవాణ్ణి. ఇరవై మూడేళ్ళ వయసులో మనిషికి తెలియనిదంటూ ఏముంటుంది!

మా ఇంట్లో ఒక చిలకల కుండ ఉండేది. నున్నటి ఎర్రమట్టి, చుట్టూ తెల్లటి తీగలు, చెయ్యి పట్టేంత మూతి, అటొక చిలక, ఇటొక చిలక. అది తన పెళ్ళికి దివిసీమలోని పుట్టింటినుంచి వచ్చిందని మా మామ్మ (నాన్నగారి అమ్మ) అనేది. పెళ్ళిపందిట్లో పెట్టే అరివేణి కుండలు తేవడానికి మేళంతో కుమ్మరి ఇంటికి వెళితే, ఆయన పెళ్ళికూతురికని ప్రత్యేకంగా చేసిచ్చాడట. మా పెదనాన్న ఒప్పుకునేవాడు కాదు. "పల్లెటూరి కుమ్మరికి ఇంత పనితనమా? మా తాతకి డచ్చి దొర ఇచ్చాడు" అనేవాడు. ఆ తాత పుట్టేనాటికే డచ్చివాళ్ళు సామాను సర్దుకుని వెళ్ళిపోయారన్న సంగతి హిస్టరీ చదివిన నాకు కూడా తట్టలేదు.

పెదనాన్న కొత్త ఇల్లు కట్టుకుని, కుండని హాల్లో అద్దాల బీరువాలో పెడతానన్నాడు. అట్టముక్క మీద వివరం రాయమని నన్ను అడిగాడు. "డచ్చి పూలకుండ, మా వంశపు ఆస్తి" అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద నా పేరూ, పక్కన ఎమ్మే అనీ పెట్టాను. మామ్మ చదివించుకుని విన్నది.

"ఒరే, నా పుట్టింటిదని చెప్పుకోవడానికి ఈ ఇంట్లో మిగిలింది అదొక్కటే. దాన్ని కూడా ముక్కూమొహం తెలియని దొరకి రాసిచ్చేశావు కదరా!"

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పెదనాన్నని పిలిచి, "చేసినవాళ్ళనే అడుగుదాం పద. కాదన్నారో, కుండ నీ బీరువాలో పెట్టుకో, నేనింక నోరెత్తను" అంది. ముగ్గురం అవనిగడ్డ బస్సెక్కాం. తువ్వాలులో చుట్టిన కుండ నా ఒళ్ళో. కండక్టరు తొంగిచూసి, "పసిపిల్లాడాండీ? అయితే టికెట్టొద్దులెండి" అన్నాడు.

ఆ కుమ్మరి ఎప్పుడో పోయాడు. కొడుకున్నాడు, మామ్మ ఈడువాడే, వాకిట్లో పూలకుండీలు చేసుకుంటున్నాడు. ఆయన చిలకల వంక చూడనైనా లేదు. చెయ్యి లోపలికి పెట్టి, వేళ్ళతో నెమ్మదిగా తడిమి, "మా అయ్యదేనమ్మా" అన్నాడు.

"ఎలా చెప్తావయ్యా?" అని నవ్వాడు పెదనాన్న.

"మా అయ్యది ఎడంచేతి వాటమండీ. సారె చక్రం అందరూ తిప్పే వైపు కాకుండా ఎదురు తిప్పేవోడు. ఈ చుట్టుపక్కల అట్టా తిప్పినోడు ఆయనొక్కడే. లోపల వేళ్ళ గీతలు చూడండి. ముందు నా కుండీలో చూసి, ఆనక దీంట్లో చూడండి."

చూశాను. కుండీలో గీత కుడివైపుగా పైకెక్కుతోంది, మా కుండలో ఎడమవైపుగా. రెండేళ్ళ ఎమ్మేలో కుండలో చెయ్యి పెట్టి చూడమని నాకెవరూ చెప్పలేదు.

పెదనాన్న నమ్మలేదు. తనూ చెయ్యి దూర్చాడు, నవరత్నాల ఉంగరంతో సహా. తడుముతున్నకొద్దీ ఆయన మొహం మారిపోయింది. తియ్యబోతే చెయ్యి రాలేదు.

"ఏరా, దొరలు పట్టుకున్నారా?" అంది మామ్మ.

అప్పటికే సగం ఊరు పోగైంది. పెదనాన్నకి చెమటలు పట్టాయి. "నీ పుట్టింటిదేనే తల్లీ, ఒప్పుకున్నాను, ముందు చెయ్యి తియ్యమను!" అన్నాడు. ముసలాయన ఆముదం పోసి, "పిడికిలి వదలండి బాబూ" అంటూ ఊడదీశాడు. ఓడినవాళ్ళ పక్షం అయ్యుండి కూడా నేను చప్పట్లు కొట్టాను. అంత సంతోషం వేసింది.

తిరుగు బస్సులో కుండ మామ్మ ఒళ్ళో కూర్చుంది. ఎక్కినవాళ్ళందరికీ "మా ఊరి పనండీ, నా పెళ్ళికి చేశారు" అని చెప్పుకుంది. చల్లపల్లిలో ఎక్కిన మేష్టారొకాయన "ఎవరు చేసిందీ ఇన్నాళ్ళకి ఎలా తెలిసిందండీ?" అని అడిగారు. నేను గొంతు సవరించుకుని, "లోపలి గీతల్ని పరిశీలించి నిర్ధారించామండీ" అనేశాను. ఇప్పుడు తలచుకుంటే ఆ కుర్రాణ్ణి అక్కడే బస్సు దింపెయ్యాలనిపిస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.

మామ్మ నన్నొకసారి ఎగాదిగా చూసింది. గెలిచిన రోజు కదా, దయతలచింది.

"అవునండీ, మా మనవడే తేల్చాడు. ఎమ్మే చదివాడు, పాపం."